ఉప్పు మురుగునీటిలో నత్రజని ఎంత పోతుందో ముందే చెప్పే మోడల్: కట్టిన తీరు, తప్పిన చోట్లు

భీమవరం, కాకినాడ, నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల మురుగునీటిలో రెండు చిక్కులు కలిసి వస్తాయి. తల తీయడం, పొట్టు ఒలవడం, కడగడం, ఏ దశలో చూసినా ప్రొటీను నీళ్ళలో కలుస్తుంది, అంటే నత్రజని ఎక్కువ. దానికి తోడు ఉప్పు ఉంటుంది, అదీ రోజూ ఒక్కలా ఉండదు. ఉప్పు, ఫాస్ఫేటు కలిపిన నీళ్ళలో రొయ్యను నానబెట్టే షిఫ్టు నడిచిన రోజు ఒక స్థాయి, తల తీసి ఐసు వేసి పంపేసిన రోజు మరో స్థాయి. బోరు నీళ్ళే ఉప్పగా ఉన్న చోట మొదటి నుంచీ ఎక్కువే.

అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. ఉప్పుకు అలవాటు పడటానికి వారాలు పడుతుంది. పడ్డాక బాగానే పనిచేస్తుంది. హాంకాంగ్‌లో 1950ల నుంచి మరుగుదొడ్లకు సముద్రపు నీరు వాడుతున్నారు, ఊరి మురుగంతా ఉప్పుదే అయినా శుద్ధి నడుస్తోంది. మన ప్లాంట్లలో బాధ ఉప్పు ఊగిసలాటతో వస్తుంది. రేపటి నీటిలో అమ్మోనియా, నైట్రేట్ ఎంత మిగులుతాయో ఒక రోజు ముందు తెలిస్తే గాలి కొట్టే సమయం పెంచడమో, ఈక్వలైజేషన్ ట్యాంకులో (శుద్ధికి ముందు నీటిని నిలిపి కలిపే ట్యాంకు) నీరు కలిపి ఉప్పును సర్దడమో చేయవచ్చు. పాత కొలతల నుంచి నేర్చుకునే (మెషిన్ లెర్నింగ్) మోడల్ కట్టింది అందుకే. ఆల్గారిథమ్ ఎంపిక ఒక వారంలో తేలింది. నెలలు తిన్నవి కొలతలు, పరీక్షలు. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటు.

రియాక్టర్లు

పది లీటర్ల అక్రిలిక్ ఎస్‌బీఆర్‌లు (నింపడం, శుద్ధి, తేరనివ్వడం ఒకే ట్యాంకులో వంతులవారీగా జరిగే రియాక్టర్లు) రెండు పెట్టాం. సైకిల్ 8 గంటలు: నింపడం 30 నిమిషాలు, గాలి లేకుండా కలపడం 90, గాలి కొట్టడం 270, తేరనివ్వడం 60, పై నీరు తీయడం 30. ఒక్కో సైకిల్‌లో మూడో వంతు నీరు మారుతుంది. రోజుకు మూడు సైకిళ్ళు, పది లీటర్లు, కాబట్టి నీరు ట్యాంకులో ఉండే సగటు సమయం 24 గంటలు. రోజుకు అర లీటరు కలిసిన బురద (బాక్టీరియా గుంపులు) తీసేశాం. అలా బురద వయసు, అంటే బురద ట్యాంకులో ఉండే సగటు సమయం, 20 రోజులు. పై నీటితో కొట్టుకుపోయే బురదను కూడా లెక్కలో వేయాలి. ఉప్పు పెరిగినప్పుడు ప్రొటోజోవా చచ్చిపోయి పై నీరు మసకబారుతుంది. ఆ రోజుల్లో నిజమైన బురద వయసు 20 కంటే బాగా తక్కువ.

నీరు ఒక ప్రాసెసింగ్ ప్లాంటు ఈక్వలైజేషన్ ట్యాంకు నుంచి వారానికి రెండుసార్లు తెచ్చాం. ఉప్పు పెంచడానికి కల్లుప్పు వాడాం. శుద్ధమైన సోడియం క్లోరైడ్ వాడితే కాల్షియం, మెగ్నీషియం లేకుండా సోడియం ఒక్కటే పెరిగి బురద రేణువులు విడిపోతాయి, అసలు ప్లాంటులో అలా జరగదు. అయొడిన్ కలిపిన వంటింటి ఉప్పు వద్దు. కల్లుప్పు తేమ పీలుస్తుంది కాబట్టి తూకం నమ్మకుండా కండక్టివిటీ మీటర్ చూసుకుంటూ కలపాలి.

మొదటి రియాక్టర్‌లో ఉప్పు లీటరుకు 3, 6, 9, 12, 15 గ్రాములుగా మెట్లు మెట్లుగా పెంచాం, మెట్టుకు మూడు వారాలు. రెండోదాన్ని కావాలనే క్రమం లేకుండా నడిపాం: 9 నుంచి 3కు, 3 నుంచి 12కు, మళ్ళీ 6కు. ఆ రెండో రియాక్టర్ లేకపోతే ఈ మోడల్ ఎందుకూ కొరగాకుండా పోయేది. కారణం తర్వాత వస్తుంది.

ఒక లెక్క ఇక్కడే చెప్పాలి. మూడో వంతు నీరే మారుతుంది గనక పాత నీరు ప్రతి సైకిల్‌కూ మూడింట రెండు వంతులు మిగులుతుంది. ఆరు సైకిళ్ళకు, అంటే రెండు రోజులకు, దాదాపు 9 శాతం దాకా దిగుతుంది. లోపలికి వచ్చే నీటి ఉప్పు మారినా ట్యాంకులో ఉప్పు రెండు రోజులు ఆలస్యంగా మారుతుందన్నమాట. మొదట్లో మోడల్‌కు ఇన్‌లెట్ ఉప్పును ఇచ్చాం. ఫలితాలు అర్థం లేకుండా వచ్చాయి. నింపడం పూర్తయ్యాక ట్యాంకులోనే కొలిచిన కండక్టివిటీ ఇచ్చాక సగం గందరగోళం పోయింది.

ఉప్పు నీటిలో కొలతలు

ఇక్కడ తప్పితే తర్వాత ఏ మోడలూ కాపాడదు.

సీఓడీ, అంటే నీటిలోని సేంద్రియ పదార్థాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్, దాని నుంచి మొదలుపెడదాం. డైక్రోమేట్ పద్ధతిలో క్లోరైడ్ కూడా ఆక్సీకరణ చెందుతుంది, మిల్లీగ్రాము క్లోరైడ్‌కు 0.226 మిల్లీగ్రాముల ఆక్సిజన్ చొప్పున. లీటరుకు 12 గ్రాముల ఉప్పు ఉన్న నీటిలో క్లోరైడ్ 7.3 గ్రాముల దాకా ఉంటుంది. అదంతా ఆక్సీకరణ చెందితే లేని సీఓడీ లీటరుకు 1,600 మిల్లీగ్రాములకు పైగా కనబడుతుంది. మెర్క్యూరిక్ సల్ఫేట్ వేసినా మామూలు మోతాదు లీటరుకు 2,000 మిల్లీగ్రాముల క్లోరైడ్ వరకే కాస్తుంది. అందుకని నమూనాను ముందు కనీసం నాలుగైదు రెట్లు పలుచన చేసి, క్లోరైడ్‌కు పది రెట్లు బరువులో మెర్క్యూరిక్ సల్ఫేట్ వేయాలి. వాడిన ద్రావణంలో పాదరసం ఉంటుంది, సింకులో పోయకూడదు, విడిగా సీసాలో దాచి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వాలి. నైట్రైట్ పేరుకున్న రోజుల్లో అదీ సీఓడీలో కలుస్తుంది, మిల్లీగ్రాము నైట్రైట్ నత్రజనికి 1.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ చొప్పున. సల్ఫామిక్ యాసిడ్ వేస్తే అది పోతుంది.

అమ్మోనియాకు, నైట్రేట్‌కు అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్లు సులువుగా కనబడతాయి. ఉప్పు నీటిలో ఆ రెండింటినీ పక్కన పెట్టాల్సి వచ్చింది. అమ్మోనియం ఎలక్ట్రోడ్‌ను సోడియం, పొటాషియం తప్పుదారి పట్టిస్తాయి, నైట్రేట్ ఎలక్ట్రోడ్‌ను క్లోరైడ్ పట్టిస్తుంది. ఉప్పు మెట్టు పెంచిన రోజే నైట్రేట్ పెరిగినట్టు కనబడితే అది బాక్టీరియా పని కాదని గుర్తించాలి. మేం అమ్మోనియాకు సిట్రేట్ కలిపిన ఫీనేట్ పద్ధతి, నైట్రేట్‌కు కాడ్మియం రిడక్షన్ వాడాం. స్టాండర్డ్ ద్రావణాలను డిస్టిల్డ్ వాటర్‌లో కాకుండా అదే స్థాయి ఉప్పు నీటిలో చేసుకోవాలి. ప్రతి పది నమూనాలకు ఒకదానిలో తెలిసినంత అమ్మోనియా కలిపి తిరిగి కొలిచాం. 90 నుంచి 110 శాతం లోపు తిరిగి రాకపోతే ఆ బ్యాచ్ మొత్తం మళ్ళీ చేశాం.

టీకేఎన్, అంటే ప్రొటీను నత్రజని, అమ్మోనియా నత్రజని కలిపిన కొలత, మానకూడదు. రొయ్యల నీటిలో లోపలికి వచ్చే నత్రజనిలో చాలా భాగం ప్రొటీను రూపంలో ఉంటుంది, అమ్మోనియా తర్వాత పుడుతుంది. ఎండలో సీసా రెండు గంటలు నిలబెడితే అమ్మోనియా పెరిగిపోతుంది. నమూనా తీసిన వెంటనే సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పీహెచ్ 2 లోపుకు దించి 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. టీకేఎన్ కోసం నమూనాను యాసిడ్‌లో మరిగించే జెల్డాల్ డైజెషన్‌లో ఇంకో ఉచ్చు ఉంది: ఉప్పు ఎక్కువైతే మరిగే ఉష్ణోగ్రత 400 డిగ్రీలు దాటి నత్రజనే ఎగిరిపోతుంది. గ్రాము ఉప్పుకు ఒక మిల్లీలీటరు చొప్పున సల్ఫ్యూరిక్ యాసిడ్ అదనంగా వేస్తే సర్దుకుంటుంది.

బురద తూచేటప్పుడు ఫిల్టర్ పేపరును డిస్టిల్డ్ వాటర్‌తో కడగడం చాలామంది మరిచిపోతారు. పది మిల్లీలీటర్ల బురద వడకడితే పేపరు మీద ఒక మిల్లీలీటరు తడి మిగిలిందనుకోండి. లీటరుకు 15 గ్రాముల ఉప్పు ఉంటే ఆ తడిలోనే 15 మిల్లీగ్రాముల ఉప్పు ఆరిపోతుంది. బురద లెక్కలో లీటరుకు 1,500 మిల్లీగ్రాముల తప్పు! ఇదే తప్పు మోడల్‌లోకి వెళితే "ఉప్పు పెరిగితే బురద పెరుగుతుంది" అని నేర్చుకుంటుంది. మేం కడిగి తూచాం, అయినా మోడల్‌లోకి మండే భాగాన్ని, అంటే వీఎస్‌ఎస్‌ను మాత్రమే పంపాం.

డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటర్‌లో ఉప్పు సెట్టింగ్ ఉంటుంది. దాన్ని సున్నా దగ్గర వదిలేస్తే 30 డిగ్రీల దగ్గర, 15 గ్రాముల ఉప్పులో ఆక్సిజన్ దాదాపు 8 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఉప్పు మారినప్పుడల్లా ఆ సెట్టింగ్ మార్చాలి. పాత రికార్డుల్లో ఎవరు ఎప్పుడు మార్చారో రాసి ఉండదు, అక్కడ ఆ కాలమ్‌ను వదిలేయడమే మంచిది.

కొలతలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో చూడటానికి ఆల్కలినిటీ (నీరు యాసిడ్‌ను తట్టుకునే శక్తి, కాల్షియం కార్బొనేట్‌గా లెక్క) మంచి సాక్షి. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారితే 7.14 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది, ఆ నైట్రేట్ వాయువైపోతే అందులో సగం, 3.57, తిరిగి వస్తుంది. ప్రొటీను అమ్మోనియాగా మారేటప్పుడూ 3.57 పుడుతుంది, రొయ్యల నీటిలో దీన్ని వదిలేస్తే లెక్క కుదరదు. ఇక బురదలోకి వెళ్ళే నత్రజని వీఎస్‌ఎస్‌లో సుమారు 12 శాతం. ఈ లెక్కతో వచ్చిన ఆల్కలినిటీకి, టైట్రేషన్‌లో వచ్చినదానికి మధ్య 15 శాతం కంటే ఎక్కువ తేడా ఉన్న రోజుల వరుసలు మోడల్‌కు ఇవ్వలేదు. ఆ వరుసల్లో తప్పు ఎక్కడుందో వెతికితే చాలాసార్లు పలుచన లెక్కలోనే దొరికింది.

ఏ సంఖ్యను అంచనా వేయాలి

"నత్రజని తొలగింపు శాతం" అని మొదలుపెట్టి రెండు నెలలు వృథా అయింది. శాతం అంటే లోపలికి వచ్చినదాంట్లోంచి బయటికి పోయింది తీసేసి, లోపలికి వచ్చినదాంతో భాగించడం. లోపలికి వచ్చినది ఇటు ఫీచర్‌లోనూ (మోడల్‌కు ఇచ్చే సమాచారంలోనూ) ఉంది, అటు సమాధానంలోనూ ఉంది. మోడల్ నేర్చుకున్నది ఆ భాగహారాన్ని. ఇన్‌లెట్ బలంగా ఉన్న రోజు శాతం దానంతట అదే పెరుగుతుంది.

పైగా నియమాలు శాతం అడగవు. పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986 కింద సాధారణ ప్రమాణాల్లో అమ్మోనియా నత్రజని లీటరుకు 50 మిల్లీగ్రాములు, టీకేఎన్ 100, ఫ్రీ అమ్మోనియా (అయాన్‌గా మారకుండా ఉన్న అమ్మోనియా) 5. నైట్రేట్ నత్రజనికి నదులు, కాలువల్లోకి వదిలేటప్పుడు 10, సముద్ర తీరంలో 20. దేని హద్దు దానిదే. అందుకే బయటికి పోయే అమ్మోనియాకు ఒక మోడల్, నైట్రేట్, నైట్రైట్‌ల మొత్తానికి ఒక మోడల్ విడివిడిగా కట్టాం. మొత్తం అకర్బన నత్రజని కావాలంటే రెండూ కూడితే సరిపోతుంది. విడదీయడంలో ఇంకో లాభం కూడా ఉంది: అమ్మోనియా మిగిలితే గాలో, బురద వయసో, ఉప్పు దెబ్బో వెతకాలి, నైట్రేట్ మిగిలితే కార్బన్ చాలలేదేమో చూడాలి. నైట్రేట్ నత్రజని గ్రాముకు సిద్ధాంతం ప్రకారం 2.86 గ్రాముల సీఓడీ, బురద పెరుగుదల కూడా కలిపితే ఆచరణలో అంతకంటే బాగా ఎక్కువ కావాలి.

నైట్రైట్‌ను విడిగా కొలవడం తప్పనిసరి. ఉప్పు పెరిగినప్పుడు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా సాధారణంగా ముందు దెబ్బతింటుంది. అమ్మోనియా తగ్గుతూనే ఉంటుంది, మధ్యలో నైట్రైట్ పేరుకుంటుంది. అలాంటి పరిస్థితిలో నైట్రస్ ఆక్సైడ్ కూడా ఎక్కువ పుట్టే అవకాశం ఉంది. నీటిలోంచి నత్రజని పోయిందని మన పట్టిక చెబుతుంది, అది పోయిన చోటు మాత్రం గాలి. వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడిని పట్టే వాయువది. మా దగ్గర దాన్ని కొలిచే పరికరం లేదు. నైట్రైట్ పెరిగిన రోజులను మంచి తొలగింపు రోజులుగా లెక్కేయకుండా విడిగా గుర్తు పెట్టాం.

ఫీచర్లు

ముడి కొలతలను ఉన్నవి ఉన్నట్టు ఇస్తే మోడల్ రసాయన శాస్త్రాన్ని అయిదువందల వరుసల్లోంచి కనిపెట్టాల్సి వస్తుంది. అది దానివల్ల కాదు. మనకు తెలిసినదాన్ని మనమే లెక్కకట్టి ఇవ్వాలి.

ఫ్రీ అమ్మోనియా: ఆంథొనిసన్ బృందం 1976లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. పదిని పీహెచ్ ఘాతానికి పెంచి ఒక సంఖ్య కట్టండి. 6344ను కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించి, దాన్ని సహజ ఘాతంగా పెంచి రెండో సంఖ్య కట్టండి. మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగించి, అమ్మోనియా నత్రజనితోనూ, పదిహేడు బై పద్నాలుగుతోనూ గుణించాలి. లీటరుకు 60 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని, 30 డిగ్రీలు ఉంటే పీహెచ్ 7.5 దగ్గర ఫ్రీ అమ్మోనియా 1.8, పీహెచ్ 8 దగ్గర 5.4. నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాకు 0.1 నుంచి 1 మధ్యలోనే ఇబ్బంది మొదలవుతుందని అదే పరిశోధన చెప్పింది. అర పీహెచ్ తేడాలో ఇంత మార్పు ఉంది కాబట్టి పీహెచ్‌ను సగటు చేసి ఇవ్వకూడదు, గాలి మొదలైనప్పటి విలువ ఇవ్వాలి. ఈ సూత్రం మంచినీటిది. ఉప్పు నీటిలో ఫ్రీ అమ్మోనియా ఇంకొంచెం తక్కువే ఉంటుంది, మోడల్‌కు క్రమం తెలిస్తే చాలు కాబట్టి మేం సవరించలేదు.

ఉప్పు జ్ఞాపకం: ఈ పనిలో అన్నిటికంటే ఉపయోగపడిన ఫీచర్ ఇదే. బాక్టీరియా ఏ ఉప్పుకు అలవాటు పడి ఉందో ఒక సంఖ్యగా చెప్పాలి. నిన్నటి జ్ఞాపకంలో 0.95 వంతు, ఈరోజు ఉప్పులో 0.05 వంతు కలిపితే ఈరోజు జ్ఞాపకం. ఆ 0.05 అంటే బురద వయసు 20 రోజులకు విలోమం. ఈరోజు ఉప్పులోంచి ఆ జ్ఞాపకాన్ని తీసేస్తే ఉప్పు దెబ్బ వస్తుంది. అది ధనాత్మకమైతే కణాల్లోంచి నీరు బయటికి లాగబడుతోంది. రుణాత్మకమైతే నీరు లోపలికి తోసుకొస్తోంది, కణాలు పగిలి లోపలి ప్రొటీను, అమ్మోనియా బయటపడతాయి. ప్లాంటు సెలవు తర్వాత మంచినీటితో కడిగిన రోజు బయటికి పోయే నత్రజని పెరగడానికి కారణం ఇదే. ఉప్పు తగ్గింది కదా, మంచి జరగాలి కదా అని అనుకుంటాం. అందుకే ఈ ఫీచర్‌ను గుర్తుతో సహా ఇవ్వాలి, పరమ విలువగా మార్చకూడదు.

పీహెచ్ లోయ: గాలి కొడుతున్నంతసేపు నైట్రిఫికేషన్ (అమ్మోనియా నైట్రేట్‌గా మారడం) వల్ల పీహెచ్ తగ్గుతూ వస్తుంది, అమ్మోనియా అయిపోయాక తగ్గడం ఆగి పైకి తిరుగుతుంది. ఆ మలుపు ఎన్నో నిమిషంలో వచ్చిందో చూసుకుంటే చాలు, ఖరీదైన మీటర్ ఏదీ అక్కర్లేదు. గాలి లేని దశ చివర ఓఆర్‌పీ (నీటి ఆక్సీకరణ శక్తిని చూపే వోల్టేజీ) గ్రాఫులో మోకాలు లాంటి వంపు వస్తే నైట్రేట్ అయిపోయిందని అర్థం. ఈ రెండు సమయాల మీదా ఉప్పు ప్రభావం ఎలక్ట్రోడ్ల మీద ఉన్నంత ఉండదు, ఎందుకంటే మనకు కావాల్సింది విలువ కాదు, మలుపు. లోయ రాకపోతే 270 అని రాయకూడదు. "రాలేదు" అన్న విడి కాలమ్ పెట్టాలి. నిన్నటి సైకిల్ లోయ సమయాన్ని రేపటి అంచనాకు వాడాం. అదే సైకిల్‌ది వాడితే అది అంచనా కాదు, చూసి చెప్పడం.

మిగతావి త్వరగా: వీఎస్‌ఎస్ గ్రాముకు రోజుకు ఎంత నత్రజని (లోడు), సీఓడీకి టీకేఎన్‌కు నిష్పత్తి, ఆల్కలినిటీకి టీకేఎన్‌కు నిష్పత్తి, ఉష్ణోగ్రత, గాలి దశలో డీఓ సగటు.

క్లోరిన్ సంగతి మాత్రం ఆగి చెప్పాలి. మోడల్ తప్పులను తేదీల వారీగా గీసి చూస్తే అమ్మోనియా అనుకున్నదానికంటే ఎక్కువ మిగిలిన రోజులు గుంపులుగా కనబడ్డాయి. ఉప్పు, లోడు, ఉష్ణోగ్రత దేనితోనూ పొసగలేదు. షాప్‌ఫ్లోర్ క్లీనింగ్ రిజిస్టర్‌తో పోల్చితే తేలింది: రాత్రి షిఫ్టు తర్వాత నేలలు, క్రేట్లు హైపోక్లోరైట్‌తో గట్టిగా కడిగిన రోజులవి. ఆ నీరు నేరుగా కాలువలో పడింది. నీరు తెచ్చినప్పుడే మిగులు క్లోరిన్ చూసి, ఉంటే థయోసల్ఫేట్ వేయడం మొదలుపెట్టాం, "క్లోరిన్ ఉంది" అన్న గుర్తును ఫీచర్‌గా చేర్చాం. డేటాలో లేని కారణాన్ని ఏ ఆల్గారిథమూ కనిపెట్టదు, కానీ తప్పులు ఎక్కడ గుమిగూడాయో చూపిస్తుంది.

మోడల్, పరీక్ష

అన్నీ వడపోశాక మిగిలిన వరుసలు అయిదువందల లోపు. ఇంత తక్కువ డేటా మీద మూడు పొరల న్యూరల్ నెట్‌వర్క్, ఎల్‌ఎస్‌టీఎం (కాలక్రమ డేటాకు వాడే న్యూరల్ నెట్‌వర్క్) లాంటివి వాడటం సమయం వృథా. రిడ్జ్ రిగ్రెషన్ (సరళరేఖ మోడల్), ర్యాండమ్ ఫారెస్ట్, ఎక్స్‌జీబూస్ట్ (ఈ రెండూ నిర్ణయ చెట్లను కలిపి కట్టేవి), గాసియన్ ప్రాసెస్ (అంచనాతో పాటు దాని వెడల్పునూ ఇచ్చేది) నాలుగూ నడిపాం.

మొదటి తప్పు వరుసలను యాదృచ్ఛికంగా నేర్పడానికి (ట్రైనింగ్) 80 శాతం, పరీక్షకు (టెస్ట్) 20 శాతంగా విడగొట్టడం. ఆర్ స్క్వేర్ (అంచనా ఎంత పొసిగిందో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా పొసిగినట్టు) 0.9 దాటింది. సంతోషించడానికి ఏమీ లేదు. మంగళవారం వరుస ట్రైనింగ్‌లో, బుధవారం వరుస టెస్ట్‌లో పడితే దాదాపు 30 శాతం అదే నీరు, బురదైతే దాదాపు అంతా అదే. పక్క రోజును చూసి చెప్పడమే అది. వారాల గుత్తులుగా విడగొట్టి, ట్రైనింగ్‌కు టెస్ట్‌కు మధ్య ఏడు రోజులు ఖాళీ వదిలితే ఆ అంకె బాగా పడిపోయింది. ఆ పడిన అంకే నిజమైనది. దాంతో పాటు "నిన్నటిదే రేపటిది" అని చెప్పే మోడల్‌ను పక్కన పెట్టి చూడాలి. ఏ తెలివీ లేని ఆ మోడల్‌కే చాలా మార్కులు వస్తాయి. దానికంటే మన మోడల్ ఎంత మెరుగన్నదే చెప్పుకోదగ్గ లెక్క. ఉప్పు కదలని వారాల్లో మా మోడల్ దాన్ని దాటలేదు. ఉప్పు మారిన వారాల్లో దాటింది, మనకు అంచనా అవసరమయ్యేదీ ఆ వారాల్లోనే.

రెండో తప్పు చాపకింద నీరులాంటిది. టీకేఎన్ వారానికి రెండుసార్లే కొలిచాం. మధ్య రోజులను సరళరేఖతో నింపాం. ఆ రేఖ ముందు రోజు విలువను, తర్వాతి రోజు విలువను కలుపుతుంది, అంటే భవిష్యత్తు ఫీచర్‌లోకి జారింది. చివరిగా కొలిచిన విలువనే ముందుకు మోయాలి, అది ఎన్ని రోజుల కిందటిదో ఇంకో కాలమ్‌లో చెప్పాలి. స్కేలింగ్ (ఫీచర్లను ఒకే కొలమానానికి తేవడం) కూడా ట్రైనింగ్ గుత్తి మీదే నేర్పాలి. కొలత పరిమితి కంటే తక్కువ వచ్చిన అమ్మోనియాను సున్నాగా రాస్తే లాగరిథమ్ తీసేటప్పుడు ఆ వరుసలే మోడల్‌ను లాగేస్తాయి, వాటిని "పరిమితి లోపు" అని గుర్తు పెట్టి ఉంచాలి.

రెండో రియాక్టర్ ఎందుకు అవసరమైందో ఇప్పుడు చెప్పవచ్చు. మొదటి రియాక్టర్‌లో రోజులు గడిచే కొద్దీ ఉప్పు పెరిగింది. బురద కూడా అంతకంతకు పాతబడింది, ఎండాకాలం వచ్చి ఉష్ణోగ్రతా పెరిగింది. మూడూ కలిసి నడిచినప్పుడు నత్రజని మార్పు దేనివల్లో ఆ డేటాలోంచి ఎవరూ చెప్పలేరు. షాప్ (SHAP) విలువలు, అంటే ఏ ఫీచర్ అంచనాను ఎంత కదిలించిందో చెప్పే లెక్క, గీస్తే ఒకసారి ఉప్పుకు, ఇంకోసారి ఉష్ణోగ్రతకు మార్కులు పడ్డాయి, ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక ఎంపికలకు ఇచ్చే మొదటి సంఖ్య) మార్చితే వరుస మారిపోయింది. చాలా ప్రయోగాల్లో ఉప్పును పైకే పెంచుతారు, తర్వాత ఫీచర్ ప్రాముఖ్యం బొమ్మ గీసి ఉప్పు ప్రభావం ఇంత అంటారు. ఆ బొమ్మను నమ్మలేం. ఉప్పు ఎక్కి దిగిన రియాక్టర్ డేటా కలిపాకే ఉప్పు స్థాయి కంటే ఉప్పు దెబ్బ ముందుకు వచ్చి అక్కడే నిలబడింది, సీడ్ మార్చినా కదల్లేదు.

చివరికి నిలిచింది ఇలా: ముందు ఒక చిన్న సమీకరణం అమ్మోనియా ఎంత తగ్గాలో చెబుతుంది. 1987లో వచ్చిన ఏఎస్‌ఎం1 (బురదతో శుద్ధికి ప్రామాణిక గణిత మోడల్)లోని నైట్రిఫికేషన్ వేగం రూపమే, అమ్మోనియాకు, ఆక్సిజన్‌కు చెరొక మోనో (Monod) పదం, అంటే గాఢత పెరిగే కొద్దీ వేగం పెరిగి ఒక గరిష్ఠం దగ్గర ఆగే రూపం, ఉష్ణోగ్రతకు ఒక గుణకం. అందులో ఉప్పు లేదు. ఆ సమీకరణం తప్పిన మేరకు ఎక్స్‌జీబూస్ట్ నేర్చుకుంటుంది. చెట్టు లోతు 3, లెర్నింగ్ రేటు 0.05, ప్రతి చెట్టుకూ 70 శాతం వరుసలు. లోడు పెరిగితే మిగిలే అమ్మోనియా తగ్గకూడదు, డీఓ పెరిగితే పెరగకూడదు అని మోనోటోన్ కట్టుబాట్లు పెట్టాం. ఇంత చిన్న డేటాలో ఆ కట్టుబాట్లు పెద్ద తేడా తెచ్చాయి.

సగటు అంచనా ఆపరేటర్‌కు పనికిరాదు. హద్దు 50 అయితే, సగటున 42 అన్న మాటలో ప్రమాదం ఎంతో కనబడదు. క్వాంటైల్ లాస్ పెట్టి పదింట తొమ్మిది సార్లు దాటని విలువను కూడా ఇచ్చాం. గాలి సమయం పెంచాలా వద్దా అన్న నిర్ణయం దాన్ని బట్టే.

చెట్ల మోడళ్ళకు ఒక పుట్టుగుణం ఉంది: చూసిన హద్దు దాటితే చివరి ఆకు విలువనే వల్లిస్తాయి. 15 గ్రాముల దాకా చూపి 25 ఇస్తే, 15కు చెప్పినదే చెబుతాయి, అదీ పూర్తి నమ్మకంతో. అందుకే ప్రతి అంచనాకు ముందు ఉప్పు, ఉప్పు దెబ్బ, ఉష్ణోగ్రత, లోడు ట్రైనింగ్ పరిధిలో ఉన్నాయా అని చూసే నాలుగు వరుసల కోడ్ పెట్టాం. ఏ ఒక్కటి దాటినా సంఖ్య బదులు "చెప్పలేను" అని వస్తుంది. గాసియన్ ప్రాసెస్‌ను పక్కన ఉంచింది కూడా ఇందుకే. తెలియని చోట దాని అంచనా వెడల్పు దానంతట అదే పెరుగుతుంది.

నడిపేటప్పుడు

ఉప్పు దెబ్బ వస్తుందని అంచనా చెబితే చేయగలిగినవి నాలుగు. ఈక్వలైజేషన్ ట్యాంకులో నిల్వ పెంచి నీరు కలిపి ఉప్పును మెల్లగా వదలడం అన్నిటికంటే చవక, అన్నిటికంటే మేలు. గాలి దశను గంట పొడిగించడం రెండోది. బురద తీయడం రెండు మూడు రోజులు ఆపడం మూడోది. నాలుగోది, ఆల్కలినిటీ తగ్గుతుందనిపిస్తే బేకింగ్ సోడా వేయడం, లోటున్న గ్రాము ఆల్కలినిటీకి 1.68 గ్రాములు. ఉప్పు దెబ్బ కాక నైట్రేట్ మిగిలేటట్టుంటే గాలి లేని దశలో మొలాసిస్, అదీ దాని సీఓడీ కొలిచి, నైట్రేట్‌కు తగినంతే. ఎక్కువైతే మిగిలిన కార్బన్ గాలి దశలోకి జారి నైట్రిఫికేషన్‌కు కావాల్సిన ఆక్సిజన్‌ను తినేస్తుంది.

మోడల్ వరుసగా మూడు రోజులు ఒకే వైపు తప్పితే వెంటనే తిరిగి ట్రైనింగ్ చేయకూడదు. ముందు పీహెచ్, డీఓ, కండక్టివిటీ మీటర్లను కాలిబ్రేట్ చేయాలి. తర్వాత అమ్మోనియా నమూనాలో తెలిసినంత కలిపి కొలవాలి. తర్వాత క్లీనింగ్ రిజిస్టర్, కొత్త రసాయనం ఏదైనా వాడారా అన్నది చూడాలి. నల్లమచ్చ రాకుండా రొయ్యకు వేసే మెటాబైసల్ఫైట్ మోతాదు పెరిగినా ఆక్సిజన్ అక్కడే ఖర్చవుతుంది. ఇవన్నీ సరిగా ఉంటేనే బాక్టీరియా మారిందని, మోడల్‌కు మళ్ళీ నేర్పాలని అర్థం. అప్పుడు చివరి 120 రోజుల డేటా తీసుకున్నాం, దాంట్లో కనీసం ఒక్కసారైనా ఉప్పు ఎక్కి దిగి ఉండేలా చూసుకుని. అలాంటిది లేకపోతే పాత డేటాలోంచి రెండో రియాక్టర్ వరుసలు కలిపాం.